తల్లిగారూరి నీళ్లు

పేరు లేని చదువు

మేము చదివే రోజుల్లో ఈ శాస్త్రానికి పేరు లేదు. ఇప్పుడు మెడికల్ బయోఫిజిక్స్ అంటున్నారు. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం నాటికి మాకున్నది ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వెనక ఒక రేకుల గది, యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఎక్స్‌రే యంత్రం, దాన్ని నడిపే పెట్రోల్ జనరేటర్, అంతే. ఫిజిక్స్ వాళ్లు మమ్మల్ని డాక్టర్లలో కలిసిపోయారనేవారు. డాక్టర్లు కరెంటు మేస్త్రీలనేవారు. హాస్టల్లో వంటాయన మాత్రం "ఫొటో సార్లు" అని గౌరవంగా పిలిచేవాడు.

ఈ చదువులో చేరబోయే పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "పరిశోధన అంటే ఏం చేస్తారు?" అని అడిగారు. జీతాలు, పదోన్నతుల గురించి వారికి ఆఫీసు గుమాస్తా నాకంటే బాగా చెప్పగలడు. నేను చదువుకునే వయసు నుంచి డైరీ రాస్తున్నాను. ఆ ఎండాకాలపు డైరీలు తీసి చదివి, నాకు పని నేర్పిన కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. తరువాత పెద్ద యంత్రాలతో పనిచేశాను. అవేవీ దీనికి సాటి రావు.

మా ఖాదర్ సాబ్

మా గైడు ఖాదర్ సాబ్. ఫిజిక్స్ ప్రొఫెసర్. పుట్టింది సూర్యాపేటలో కాబట్టి ఉర్దూ ఎంత ధారాళంగా వచ్చేదో తెలుగూ అంతే. పాఠం ఉర్దూలో చెప్పి, తిట్టడం మాత్రం తెలుగులో తిట్టేవారు. "తిట్టు తల్లిభాషల ఉంటెనే లోపలికి దిగుతది భాయ్" అనేవారు.

ఆ ఏడాది ఆయన పరిస్థితి బాగాలేదు. అన్నదమ్ములు అప్పటికే కరాచీ వెళ్లిపోయారు. వేసవి చివర బాధ్యతలు అప్పగించమని పైనుంచి కబురు వచ్చింది. మాలో సీనియర్ నర్సింహారావు కోదాడ వాడు. అతని థీసిస్ పూర్తయి, ఆలోగా ఖాదర్ సాబ్ సంతకం పడాలి. లేకపోతే కొత్తగా వచ్చే గైడు ఎవరో, ఉర్దూలో రాసిన థీసిస్‌ను ఒప్పుకుంటాడో లేదో తెలియదు. అందుకని మేము తొందరలో ఉన్నాం. తొందరలో లేనిది ఆయనొక్కరే.

థీసిస్ విషయం ఇది. సూర్యాపేటకు పైన, తిరుమలగిరి వైపు మెరక ఊళ్లలో నడివయసు రాకముందే మనుషుల వెన్ను బిగుసుకుపోయి వంగిపోతుంది. నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువైతే ఎముకలు గట్టిపడతాయని పుస్తకాల్లో ఉంది. అది మా ఊళ్ల విషయంలో నిజమా, నిజమైతే ఎముక ఎంత గట్టిపడిందో కొలవగలమా అన్నది ప్రశ్న. కొలిచే పద్ధతి తేలికే. మెట్లుమెట్లుగా కోసిన అల్యూమినియం బిళ్లను ముంజేయి పక్కన పెట్టి ఎక్స్‌రే తీస్తాం. ఫిల్ములో ఎముక నీడ బిళ్లలో ఏ మెట్టు నీడతో సరిపోతుందో చూస్తే ఎముక ఎంత సాంద్రమో తెలుస్తుంది. పద్ధతి నర్సింహారావుదే. చక్కని పద్ధతి. ఇప్పటికీ నాకు దానిమీద గౌరవం ఉంది.

ఒక్క విషయంలో ఖాదర్ సాబ్‌ను నేను మెచ్చుకోను. సీసపు ఆప్రాన్ ఒకటే ఉండేది. దాన్ని ఎప్పుడూ మాకు తొడిగి, ఆయన చేతులతో రోగి చేయి పట్టుకునేవారు. ఎక్స్‌రే తగిలి తగిలి ఆయన వేళ్ల కొనలు ఎండిన వేరుశనగ తొక్కలా ఉండేవి. అది ధైర్యం కాదు. మీరు అలా చేయకండి.

తెల్లని చుక్కలు

యంత్రాన్నీ జనరేటర్‌నూ లారీకెక్కించి ఆ ఊళ్లకు వెళ్లిన మొదటి వారమే నాకూ నర్సింహారావుకూ ఒక గొప్ప విషయం దొరికింది. ముంజేయి రెండు ఎముకల మధ్య తెల్లని సన్నని చుక్కలు. ఏ పుస్తకంలోనూ లేవు. నర్సింహారావు వాటికి పేరు కూడా ఆలోచించాడు.

ఖాదర్ సాబ్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూశారు. దూది తడిపి మెల్లగా ఒక చుక్కమీద రాశారు. చుక్క పోయింది.

"పేరేం పెడ్తమంటివి?" అన్నారు.

నర్సింహారావు తనూ ఒక చుక్కను తడి వేలితో రాసి చూశాడు.

"గీ బాయి నీళ్లల్ల ఫిల్ము కడిగితే గిట్లనే ఉంటది. ఉప్పు ఎండి అంటుకున్నది. మనిషి రోగం కాదు, ఫిల్ము రోగం. నీ పేరే పెట్టు దానికి, మంచిగుంటది."

ఆరోజు నుంచి ఫిల్ములు కడగడానికి సూర్యాపేట నుంచి డబ్బాల్లో నీళ్లు తెచ్చుకున్నాం. కొత్త విషయం కనబడితే ముందు తడి దూది తీసుకోమని నా విద్యార్థులకు చెబుతూ వచ్చాను.

మల్లమ్మ ఇల్లు

మేము ఎక్కువ రోజులున్న ఊరి పేరు రాయను. ఇప్పటికీ అక్కడి పిల్లలకు సంబంధాలు మాట్లాడుకునే ఇళ్లున్నాయి.

ఊళ్లో వంగినవాళ్లు చాలామందే. ప్రతి ఇంటికీ ఒక కారణం ఉండేది. ఒకరు శాపం అనేవారు, ఒకరు చేతబడి, ఒకరు గుసగుసగా సుఖరోగం. మల్లమ్మ ఇంట్లో కారణం మల్లమ్మే.

మల్లమ్మ భర్త వయసులోనే జ్వరం వచ్చి చనిపోయాడు. కొడుకు లింగయ్య ముప్పై దాటకుండానే కొడవలిలా వంగాడు. మల్లమ్మకూ మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. భర్త అన్న సోమయ్య పెద్దమనిషి. మంచివాడే, కానీ నోరు గట్టిది. మా ముందే అన్నాడు:

"మా తమ్ముడు తాటిచెట్టు లెక్క నిలవడి పోయిండు సారూ. వంకర ఈమెతోనే వచ్చింది. ఈమె నెత్తురుది."

"అవు బావా, మూటగట్టుకొని తెచ్చిన" అంది మల్లమ్మ. "పెండ్లినాడు జర ఇప్పి సూసుకోకపోయిన్రు?"

నవ్వుతూనే అంది. కానీ సోమయ్య వెళ్లిపోయాక ఖాదర్ సాబ్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె వెనక కోడలు సైదమ్మ, చంకలో పిల్ల.

"సారూ, మీ మిషను లోపలిది సూపిస్తదంట గదా. గిది నీళ్లదా, నెత్తురుదా? నెత్తురుదయితే నాదే. గీ పిల్లకు గూడ నేనే ఇచ్చినట్టు. నీళ్లదయితే..." అని ఆగింది. "గదొక్కటి చెప్పుండ్రి. మిగతయి నాకు అక్కర లేదు."

నర్సింహారావు వెంటనే, "నీళ్లదేనమ్మా, పుస్తకాల్లో ఉంది" అన్నాడు.

ఖాదర్ సాబ్ అతని భుజం మీద చేయి వేసి ఆపారు. "పుస్తకంల ఉన్నది. గీ ఊర్ల ఉన్నదో లేదో నాకింక తెల్వదు అమ్మా. తెలిసినంక నేనే వచ్చి చెప్త. తెల్వకముందు చెప్పను."

ఆమె తల ఊపలేదు, మెడ ఊగదు కదా. మనిషంతా తిరిగి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల ఫిల్ములు

ఊరి మధ్య బావిని సోమయ్య తండ్రి తవ్వించాడు. నీళ్లు తియ్యగా, తేటగా ఉంటాయి. కొంచెం ఉప్పగా ఉన్న బావులను వదిలి ఊరంతా అక్కడికే వచ్చేది. ఆ నీటిని నగరంలో కెమిస్ట్రీ వాళ్లకు పంపితే ఫ్లోరిన్ బాగా ఉందని జవాబు వచ్చింది. ఫ్లోరిన్‌కు రుచి లేదు.

అన్నీ కలిసి వస్తున్నాయనుకున్నాం. మగవాళ్ల ఎముకలు వయసుతో పాటు వరుసగా గట్టిపడుతున్నాయి. గ్రాఫు మీద గీత గీసినట్టు ఉంది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గీత ఎటో పోయింది. ఒకే వయసు ఆడవాళ్లలో ఒకరి ఎముక ఇనుములా ఉంటే ఒకరిది మామూలుగా ఉంది. ఒకే ఇంట్లో, ఒకే కుండ నీళ్లు తాగేవాళ్లలోనే అంత తేడా.

"నెత్తురు అన్నవాళ్లకు ఇది చాలు సార్" అన్నాడు నర్సింహారావు దిగులుగా. "ఒకే నీళ్లు తాగితే ఒకే రకంగా ఉండాలి కదా. ఆడవాళ్లకు కాన్పులుంటాయి, లెక్క తేడా పడుతుంది. వాళ్లను వదిలేసి మగవాళ్లతో రాసేస్తానండీ."

ఇది పనికిరాని మాటేమీ కాదు. అప్పట్లో చాలామంది అలాగే చేసేవారు. చేస్తే థీసిస్ ఆ నెలలోనే అయిపోయేది.

"అడిగింది ఆడమనిషి" అన్నారు ఖాదర్ సాబ్. "ఆడోళ్లను తీసేసి ఆమెకు ఏమని జవాబు చెప్తవ్?"

"మరి సంతకం సంగతేంటండీ?"

"సంతకం నాది. చెయ్యి నా దగ్గరనే ఉంటది, యాడికి పోతది?"

అలా అన్నారు కానీ ఆయన మొహంలో కూడా నాకు ధైర్యం కనబడలేదు.

సైదమ్మ నవ్వు

మరునాడు జనరేటర్ మొరాయించింది. తాడు చుట్టి లాగాలి. నర్సింహారావు లాగీ లాగీ, చివరికి కోపంతో రెండు కాళ్లూ తన్నిపెట్టి లాగేసరికి తాడు తెగి, వెనక్కి వెళ్లి బర్రెల కుడితి తొట్టిలో కూర్చున్నాడు.

తన వంతు కోసం నిలబడిన సైదమ్మ పకపక నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకునే లోపే ఖాదర్ సాబ్ ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, ఇంకొకసారి నవ్వు" అన్నారు.

మల్లమ్మ మనిషంతా తిరిగింది. "గదేం మాట సారూ? కోడలి నవ్వుతోని నీకేం పని? తెల్లగడ్డం మొకానికి?"

"తప్పుగ అనుకోకు అక్కా. ఆమె పండ్లు సూడు. నీ కొడుకు పండ్లు సూడు."

అందరం చూశాం. లింగయ్య పళ్లకు, ఊళ్లో పిల్లలందరి పళ్లకు ఉన్నట్టే, గోధుమరంగు గార చారలున్నాయి. సైదమ్మ పళ్లు జొన్న గింజల్లా తెల్లగా ఉన్నాయి. చిన్నప్పుడు, పన్ను తయారయ్యే వయసులో తాగిన నీటితోనే ఆ గార పడుతుంది. పెద్దయ్యాక తాగిన నీళ్లు పన్నును ఏమీ చేయలేవు. ఈ సంగతి మాకు తెలియదా? తెలుసు. ఎముకల లోపల చూసే యంత్రం చేతికి వచ్చాక నోటివైపు చూడడం మానేశాం.

"నీ తల్లిగారూరేది బిడ్డా?" అని అడిగారు.

సైదమ్మ అత్తవైపు చూసింది. అప్పటిదాకా ఆమె తరఫున అన్నీ అత్తే చెప్పింది. ఏ ఊరంటే "గీ ఊరే" అని.

"మిర్యాలగూడెం అవతల సారూ. కృష్ణ ఒడ్డు. గాడ ఏటి నీళ్లే తాగినం."

మా తప్పు అప్పుడు తెలిసింది. మా ఊళ్లలో ఆడపిల్లకు పెళ్లయితే ఆమె ఊరు మారిపోతుంది. అత్తను అడిగినా, భర్తను అడిగినా, ఆమెనే అడిగినా మెట్టినింటి ఊరే చెబుతారు. అందులో అబద్ధం లేదు. మగవాడు పుట్టిన ఊళ్లోనే నీళ్లు తాగుతాడు. ఆడది సగం జీవితం ఒక ఊరి నీళ్లు, సగం మరో ఊరి నీళ్లు తాగుతుంది. మేము ముగ్గురమూ ఈ నేలమీద పుట్టినవాళ్లమే. మా అమ్మలూ అలా వచ్చినవాళ్లే. అయినా ఎవరికీ తోచలేదు.

నర్సింహారావు బట్టల నుంచి కుడితి కారుతూనే ఉంది. "అంటే మళ్లీ మొదట్నుంచా సార్?"

"మొదట్నుంచి కాదు. ఆడోళ్ల నుంచి."

అతను తొట్టి అంచుమీద కూర్చున్నాడు. తరువాత లేచి, చొక్కా పిండుకుని, "పదండి. మల్లమ్మగారితోనే మొదలెడదాం" అన్నాడు. ఆ క్షణంలో అతని సంతకం పోయిందని మా ముగ్గురికీ తెలుసు.

మల్లమ్మను అడిగితే వెంటనే చెప్పలేకపోయింది. "నా తల్లిగారూరా? గా పేరు నోట్లకెళ్లి ఎల్లి ఎన్నేండ్లాయె సారూ. చిలుకూరు. కోదాడ కాడ. మా అన్న ఉన్నడు ఆడ. నా బిడ్డ ఎంకటమ్మను గూడ మా అన్న కొడుక్కే ఇచ్చిన."

ఖాదర్ సాబ్, నర్సింహారావు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనరికం. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన మనిషి, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిన మనిషి, ఒకే నెత్తురు, రెండు ఊళ్లు.

చిలుకూరులో

లారీ ఎక్కేముందు ఖాదర్ సాబ్ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. ఇంత కాలంలో ఏ ఎథిక్స్ కమిటీ నోటా అంత మంచి మాట వినలేదు.

"మనం పోయి ఎంకటమ్మ ఎవరు అని అడిగితే ఏమైతది? వంకర ఊరి పిల్లకు రోగమున్నదని మిషను వచ్చింది అంటరు. నిజం తెలుసుకోబోయి ఒక పిల్ల కాపురం ఖతం చెయ్యొద్దు."

కాబట్టి చిలుకూరులో మొదట పటేలుకు తీశాం, తరువాత కరణానికి, తరువాత వరుసగా ఇల్లిల్లూ. నర్సింహారావుకు అది సొంత ప్రాంతం. మాటల్లో పెట్టి అందరినీ నవ్వించేవాడు. వెంకటమ్మ అత్త, అంటే మల్లమ్మ వదిన, అయినా అనుమానపడింది.

"మా కోడలికేం జబ్బుందని అండీ దానికి తీస్తన్నారు?"

"మీకూ తీశాం కదండీ. మీకేం జబ్బు?"

"నాకా? మా ఆయన" అందావిడ. అందరూ గొల్లుమన్నారు.

మల్లమ్మ అన్న ఆమెకంటే పెద్దవాడు. చెరువు కింద మడిలో నాగలి పట్టుకుని ఉంటే పిలుచుకొచ్చాం. వెన్ను తీయడానికి ఊపిరి బిగబట్టమంటే నిటారుగా నిలబడి, "ఎంతసేపైనా బిగబడతాను, కానివ్వండి" అన్నాడు. వెంకటమ్మ నవ్వితే పళ్లమీద తమ్ముడు లింగయ్య పళ్ల మీదున్న గారే. కానీ నీళ్ల కడవ నెత్తిన పెట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పి మాట్లాడుతూ నడుస్తోంది.

ఫిల్ములు కడిగి ఆరబెట్టాం. అన్న వెన్నుపూసలు ఒక్కొక్కటిగా విడివిడిగా ఉన్నాయి. వెంకటమ్మ ముంజేయి రెండు ఎముకల మధ్య, మెరక ఊరివాళ్లలో పొర గట్టిపడి నీడ కనబడే ఆ చోట, ఖాళీ శుభ్రంగా ఉంది.

ఒక్క ఇంటితో ఏదీ తేలదని ఖాదర్ సాబ్ పట్టుబట్టారు. మల్లమ్మ మెట్టిన ఊరి ఆడపిల్లలు పెళ్లయి ఎక్కడెక్కడికి వెళ్లారో అక్కడికల్లా వెళ్లాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెం చుట్టుపక్కల దుమ్మంతా మా లారీ లేపింది. రెండుసార్లు మిలిటరీ వాళ్లు ఆపి, జనరేటర్‌ను వైర్‌లెస్ అనుకుని తాళ్లు విప్పించారు. ఆడవాళ్ల ఫిల్ములను పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, మెట్టి ఎంత కాలమైంది అన్న వరుసలో పెట్టినరోజు, చెదిరిపోయిన లెక్కంతా దానంతట అదే సర్దుకుంది. పన్నులో చిన్ననాటి ఊరు ఉంది. ఎముకలో ఆ తరువాతి ఊరు కూడా ఉంది.

సైదమ్మ ముంజేతిలో, రెండు ఎముకల మధ్య, సన్నని నీడ మొదలైంది. ఈసారి తడి దూదితో రాస్తే పోలేదు.

పిల్లలకు చెప్పదలిచింది

నర్సింహారావు థీసిస్ మీద ఖాదర్ సాబ్ సంతకం పడలేదు. గడువు దాటిపోయింది. ఇంకో గైడు కింద, అంతా ఇంగ్లీషులో తిరిగి రాసి, చాలా ఆలస్యంగా డిగ్రీ తీసుకున్నాడు. గొణగలేదని చెప్పను. జీవితాంతం గొణిగాడు. "ఒక నవ్వు నా డిగ్రీని ముంచింది" అనేవాడు. కానీ గడువు దగ్గరపడ్డాక ఖాదర్ సాబ్ ఆడవాళ్ల ఫిల్ములు లేని పాత చిత్తు ప్రతి మీదనే సంతకం చేసి ఇస్తానన్నా తీసుకోలేదు. అది నేను చూశాను.

మా పని ఒక ఎండాకాలంలో అయింది. ఆ మెరక ఊళ్లకు మంచినీళ్లు రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. కొలవడం మన చేతిలో ఉంది, మిగతాది చాలావరకు లేదు. దానికి నిరాశపడి కొలత మానేసిన వాళ్లను చూశాను. వాళ్లతో నాకు పడదు. కొలిచిన తరువాత వెళ్లి చెప్పాలి. ఎవరు అడిగారో వాళ్లకు, వాళ్ల మాటల్లో చెప్పాలి. పత్రికల్లో అచ్చువేయడం దాని తరువాతి పని. ఇది నేను ఖాదర్ సాబ్ దగ్గర చూసి నేర్చుకున్నాను. అదెలా జరిగిందో కూడా రాస్తాను.

ఆ ఊరి ముందర

ఆయన పదవి అప్పగించడానికి ముందు చివరిసారి ఆ ఊరికి వెళ్లాం. ఉదయం పొద్దు. మల్లమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట కింద పెట్టింది కానీ లేవలేదు.

"తెలిసిందా సారూ?"

"తెలిసిందక్కా. నీళ్లది. నీ నెత్తురుది కాదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మోకాళ్లమీద చేతులాన్చి మెల్లగా లేచింది.

"నాకు చెప్పుడు కాదు. నాకు చెప్తే నా ఇంట్లనే ఉంటది. అందర్ని పిలుస్త, అందరి ముందట చెప్పుండ్రి."

తనే వెళ్లి పిలిచింది. సైదమ్మను ఒకవైపుకు పంపి, తను ఒకవైపు నడిచింది. బావి దగ్గర జనం చేరారు. సోమయ్య చేతికర్రతో వచ్చి ముందు నిలబడ్డాడు.

ఖాదర్ సాబ్ రెండు ఫిల్ములు తీసి, ఒక్కో చేత్తో ఒకటి, ఎండకు ఎత్తి పట్టుకున్నారు.

"సూడుండ్రి. ఇది చిలుకూరుల ఉండే ఈమె అన్న ఎన్ను. పూసకు పూసకు నడుమ సందున్నది. ఇది ఈమె ఎన్ను. సందు లేదు, అంతా ఒక్క కట్టె లెక్క అయిపోయింది. ఇద్దరు ఒక్క తల్లి పిల్లలే. ఆయన ఆడ చెరువు నీళ్లు తాగిండు. ఈమె మీ బాయి నీళ్లు తాగింది."

ఫిల్ములు దించి సైదమ్మ వైపు చూపించారు.

"కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన కోడలు, ఆమెది ఈ వంశం నెత్తురు కాదు. ఆమె చేతిల గూడ షురూ అయింది. ఈడ పుట్టి ఆడికి పోయిన బిడ్డ మంచిగున్నది. ఒక్క ఇల్లు కాదు, ఎన్నో ఇండ్లు తిరిగి సూసినం. మల్లమ్మ మీకు రోగం తేలేదు. మీ ఊరే ఆమెకు ఇచ్చింది."

సోమయ్య మొహం నల్లబడింది. "గా బాయి మా నాయిన తవ్విచ్చిండు సారూ. పుణ్యానికి తవ్విచ్చిండు."

"పుణ్యానికే తవ్విచ్చిండు. లోపల ఏమున్నదో ఆయనకేం తెల్సు? మొన్నటిదాక మాకే తెల్వదు."

సోమయ్య కర్రను రెండు చేతులతో పట్టుకుని బావివైపు చూస్తూ నిలబడ్డాడు. మల్లమ్మ అతని ఎదుటికి వచ్చి, అతను తనను చూడక తప్పని చోట ఆగింది.

"బావా, ఇన్నవా?"

అతను బావి మీంచి చూపు తిప్పి అన్నాడు. "ఇన్న."

"అందరు ఇన్నరా?"

గుంపులోంచి గొణుగుడుగా జవాబు వచ్చింది.

మల్లమ్మ సైదమ్మ చంకలోని పిల్లను తీసుకుని తన చంకనెత్తుకుంది.

"గట్లయితే కూసోండ్రి" అంది. "ఇగ నీళ్ల సంగతి మాట్లాడుండ్రి."